మీకు తెలుసా? పదహారు మెట్ల వలస కథ

కరీంనగర్, నిర్మల్ పల్లెల్లో చాలామంది పిల్లలకు వలసంటే దుబాయ్ పోయిన నాయిన. మారిషస్‌లో మాత్రం వలసకు ఏకంగా ఒక చారిత్రక స్థలమే ఉంది!

పోర్ట్ లూయిస్ రేవులోని ఆప్రవాసీ ఘాట్ ఒకప్పటి కూలీల డిపో. 1834 నుంచి 1920 దాకా ఒప్పంద కూలీలుగా దాదాపు 5 లక్షల మంది మారిషస్ చేరారు. ఎక్కువమంది భారతీయులే, చెరకు తోటలకే. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మనవాళ్లకు అక్కడ పడ్డ పేరు ‘కోరంగీలు’. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే అది. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చిన్నపిల్లలతో వెళ్తే బోర్డులన్నీ చదివించే తిప్పలెందుకు? ఓడ దిగిన కూలీలు ఎక్కిన 16 రాతి మెట్లను లెక్కపెట్టించండి, చాలు.

అన్నట్టు, మారిషస్‌లో ఉగాదికి సర్కారు సెలవు!