మీకు తెలుసా? వాన మబ్బుకు పైన ఏముందో

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడే జిల్లా మనది. రాప్తాడులో ఆకాశం చూడని రైతు ఉండడు. అదే ఆకాశంలోకి చిన్న చిన్న పరికరాలు పంపి రాబట్టిన సంగతులివి.

• రాప్తాడుకు దగ్గర్లోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గాలిలోని దుమ్మునూ మసినీ ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. అయితే నేల మీది కొలత ఒక్కటే చాలదు. 2010 మార్చి 17న హైదరాబాద్‌ నుంచి బెలూన్‌కు మసి కొలిచే పరికరం కట్టి వదిలారు. పైకి పోయేకొద్దీ మసి పలచబడాలి కదా? నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర ఒకటి, ఎనిమిది కిలోమీటర్ల పైన మరొకటి, చిక్కటి మసి పొరలు తగిలాయి! మసి ఎండను పీల్చుకుని చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. ఆ వేడిగాలే దాన్ని ఇంకా పైకి మోస్తుందని శాస్త్రవేత్తల వివరణ.

• 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌ నుంచే లేచిన మరో బెలూన్‌ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో గాలిని పట్టి తెచ్చింది. అందులో అంతవరకు ఎవరికీ తెలియని బ్యాక్టీరియా మూడు రకాలు దొరికాయి. ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు.

• బెలూన్లు మామూలుగా నలభై కిలోమీటర్ల దాకా వెళ్తాయి. ఉపగ్రహాలేమో అంత కిందికి దిగి తిరగలేవు. నడుమ ఉన్న గాలిని అక్కడికే వెళ్లి కొలవాలంటే చిన్న రాకెట్టే దిక్కు. ఇస్రో వారి ఆర్‌హెచ్‌-200 అలాంటిదే. వెంట్రుకల్లాంటి సన్నని రాగి తీగలను పైన వెదజల్లుతుంది. అవి గాలికి ఎటు కొట్టుకుపోతున్నాయో రాడార్‌ చూస్తుంది. రుతుపవనాల పరిశోధనకు ఈ గాలివాటం లెక్కలు ఎంతో అవసరం.

• 2022 నవంబర్‌ 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్‌-ఎస్‌ను చేసింది హైదరాబాద్‌ సంస్థ స్కైరూట్‌. ఆరు మీటర్ల రాకెట్‌ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. అది మోసిన మూడు పరికరాల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌ సంస్థ ఎన్‌-స్పేస్‌టెక్‌ది.

• అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు సొంతంగా చేసిన రాకెట్‌ 2019లో 103 కిలోమీటర్లు దాటింది. 2024లో వాళ్లదే మరొకటి 143 కిలోమీటర్లకు వెళ్లింది. మన ఇంజినీరింగ్‌ పిల్లలకూ ఆ సత్తా ఉంది. కావాల్సింది అనుమతి, గురువు, ఖాళీ మైదానం. టపాసుల మందుతో ఇంట్లో ప్రయోగాలు మాత్రం వద్దు.

• 2022 డిసెంబర్‌లో వికారాబాద్‌ జిల్లా మర్పల్లి మండలంలో ఆకాశం నుంచి పొలంలోకి దిగిన పెద్ద గుండ్రటి వస్తువును చూసి జనం హడలిపోయారు. అది హైదరాబాద్‌ బెలూన్‌ మోసుకెళ్లిన పరికరమే. మీ చేలోకి పారాచూట్‌తో ఏదైనా పెట్టె దిగితే దయచేసి విప్పకండి, లాగకండి. దాని మీద రాసిన నంబరుకో, దగ్గరి పోలీస్‌ స్టేషన్‌కో కబురు చేయండి. చెక్కుచెదరకుండా అప్పగించినవారికి బహుమానం కూడా ఇస్తారు.