నీట మునిగి... కొండపై తేలి!

జనవరి ఉదయం. విజయపురి సౌత్ రేవులో లాంచీ ఇంకా కదల్లేదు. సాగర్ నీళ్ల మీద మంచు తెర. మఫ్లర్లు బిగించిన పెద్దలు, అమ్మ కొంగు కింద దూరిన పిల్లలు... ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో రాత్రికి రాత్రే బయల్దేరి కనిగిరి, మార్కాపురం, యర్రగొండపాలెం, మాచర్ల మీదుగా వచ్చినవాళ్లయితే స్వెటరు మరిచిపోయినందుకు ఒకరినొకరు తిట్టుకుంటూ కనిపిస్తారు. మెట్ట ఎండలకు అలవాటుపడ్డ ఒళ్లు మరి!

లాంచీ కదిలాక ఈదురుగాలి ఇంకా జోరందుకుంటుంది. నాగార్జునకొండ దీవికి సుమారు గంట ప్రయాణం. ఫ్లాస్కులో టీ పోసుకుంటూ నీళ్లలోకి తొంగిచూసేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ నీళ్ల అడుగున ఓ రాజధాని ఉంది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అదే.

1926లో ఎ.రంగస్వామి సరస్వతి ఈ లోయలో శిథిలాలను గుర్తించారు. ఆ మరుసటి ఏడు నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. స్తూపాలు, విహారాలు, శాసనాలు బయటపడ్డాయి. అంతలో కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీరు కావాలి, చరిత్రా కావాలి... ఎలా? జలాశయం నిండేలోగా లోయనంతా తవ్వి చూడాలని పురావస్తు శాఖ పూనుకుంది. ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా వందకు పైగా చోట్ల తవ్వారు. పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెల వాళ్లు మాత్రం ఇళ్లూవాకిళ్లూ వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. రాళ్లకు కొండమీద చోటు దొరికింది, వాళ్లకు దొరకలేదు. సోమశిల వెనక కడప జిల్లా పల్లెలు మునగడం విన్న ఆత్మకూరు వాళ్లకు ఈ బాధ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దీవిగా కనిపిస్తున్నది అప్పటి లోయలోని కొండ కొసే. తొమ్మిది కట్టడాలను కింద నుంచి తెచ్చి దానిమీద మళ్లీ నిలబెట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. చుట్టూ గోడలు లేవు, నెత్తిన కప్పు లేదు. గాలికీ ఎండకీ తెరిచిపెట్టిన మ్యూజియం ఇది. చలిలో నడుస్తుంటే పొద్దు తెలియదు. చక్రం ఆకారంలో పునాదులున్న స్తూపాలు, రాతిమెట్ల స్నానఘట్టం, వాటికన్నా ఎంతో పాతవైన రాకాసిగుళ్లూ ఉన్నాయి. మహాచైత్యాన్ని కట్టించింది రాజు కాదు, వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి. ఆ సంగతి శాసనాలే చెబుతాయి. ఆ రోజుల్లో గుళ్లకూ విహారాలకూ దానాలిచ్చిన ఆడవాళ్ల పేర్లు చదువుతుంటే ఆశ్చర్యమేస్తుంది.

భవనం లోపలున్న మ్యూజియంలో నిలువెత్తు బుద్ధుణ్ణి చూసి ఫొటోలు దిగేవాళ్లే ఎక్కువ. ఛాయాస్తంభాల దగ్గర కాసేపు ఆగాలి. పోయినవారి గుర్తుగా నిలిపిన రాళ్లవి. సేనానులకే కాదు, చేతిపనివాళ్లకూ స్తంభాలు వేశారు!

ఉదయగిరి వాళ్లకు ఈ కొండతో ఓ పాత చుట్టరికముంది. కృష్ణదేవరాయలు గజపతుల మీదికి దండెత్తినప్పుడు మొదట ముట్టడించింది ఉదయగిరినే. ఏడాదిన్నర పట్టుబట్టి 1514లో గెలిచాడు. మరుసటి ఏడు జయించిన దుర్గాల్లో నాగార్జునకొండ ఒకటి. ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. కొండమీది కోట గోడలు, రంగనాయకుల గుడి మాత్రం ఉదయగిరిలోనే ఉన్నాయి. విజయపురికి నీళ్లు వస్తాయన్న గడువు ఉంది కాబట్టి ఆరేళ్లలో అంత పని జరిగింది. ఉదయగిరికి అలాంటి గడువు లేదు. ఏ వానకో ఓ రాయి జారితే ఎవరూ లెక్క రాసుకోరు.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. గాలి, నీటిమట్టం, అనుమతులను బట్టి లాంచీలు కొన్నాళ్లు ఆగిపోతుంటాయి. ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది. లేదంటే అంతదూరం వచ్చీ రేవులో నిలబడి దీవిని చూసి వెనక్కి తిరగాలి. తిరుగు లాంచీ వేళ దాటనివ్వకూడదు కూడా.

ఒడ్డుకు చేరాక అనుపు చూడకుండా వెళ్లకండి. లోయ నుంచి తరలించిన మరికొన్ని కట్టడాలు అక్కడున్నాయి. నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలం పిల్లలకు మహా సరదా. అప్పటికి మధ్యాహ్నం ఎండ వెచ్చగా తగులుతుంటుంది. స్వెటర్లు నడుముకు కట్టుకుని ఒకడు మధ్యలో నిలబడి చప్పట్లు కొడతాడు. పైమెట్టు మీది చెల్లి 'వినపడిందిరా' అని అరుస్తుంది.