తాహో సరస్సున నొక దినము

మా తల్లిగారు మాకుఁ జదివి చెప్పిన ప్రబంధములలో జలక్రీడ లేనిది అరుదు. అష్టాదశ వర్ణనలలో నదియు నొకటి గదా! రాణులు కొలను సొచ్చుట, నీరు చల్లుకొనుట, తామరలు త్రుంచుట, అన్నియు మాకుఁ గంఠస్థములే. కాని ముప్పదియేండ్లు నిండువఱకు మోకాలిలోఁతు దాఁటి నీట దిగి యెఱుఁగము. మా యూరి చెఱువులో మగపిల్లలు సొరకాయబుఱ్ఱ నడుమునకుఁ గట్టుకొని యీఁత నేర్చుచుండఁగా, ఆఁడపిల్లలము బిందెలతో మెట్లమీఁద నిలుచుచుంటిమి. దినదినము నీరు మోయువారికి నీటఁ దేలు విద్య యక్కఱలేదనుట యేమి న్యాయమో మాకిప్పటికిని బోధపడలేదు.

రెండేండ్ల క్రిందట మా పట్టణపు ఈఁతకొలనులో స్త్రీలకు వేఱుగ నొక గంట యేర్పఱచిరని విని మేము చేరితిమి. నాలుగు మాసములకు వెల్లకిలఁ దేలుటయు, ఈ యొడ్డునుండి యా యొడ్డునకు నిలువక పోవుటయు వచ్చినవి. తొమ్మిదేండ్ల మా యమ్మాయినిఁ గూడ చేర్పింపవలెనని మా కోరిక. పల్లెలో మోటబావియందు ఈఁత నేర్చిన మావారు మాత్రము "పై తరగతికి వచ్చిన పిమ్మటఁ జూతములే" యని దాఁటవేయుచు వచ్చిరి. ఇంతలో కాలిఫోర్నియాలోనున్న మా చెల్లెలు రమ్మని పిలిచినది. బడి సెలవులలోఁ బోయి, అమ్మాయిని పిన్నియొద్ద విడిచి, జూన్ మొదటివారమున మేమిద్దఱము తాహో సరస్సు గట్టున రెండు రాత్రులు గుడారములో నుంటిమి.

ఈ సరస్సు శాన్ ఫ్రాన్సిస్కోకు సుమారు 200 మైళ్ల దూరమున, కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రముల సరిహద్దుమీఁద, సముద్రమట్టమునకు 6,225 అడుగుల యెత్తున నున్నది. పొడవు 22 మైళ్లు; మిక్కిలి లోఁతైన చోట 1,645 అడుగులు. పేరు అచ్చటి ఆదివాసులైన వాషో జనుల మాటనుండి వచ్చినది. దాని యర్థము సరస్సనియే. 1968 నుండి శాస్త్రజ్ఞులు తెల్లని పళ్లెమువంటి బిళ్లను నీటిలోనికి దింపి, అది కంటికి మఱుఁగగు లోఁతును కొలుచుచున్నారు. ఆ మొదటి సంవత్సరపు సగటు 100 అడుగులకు మించియుండెను. 2023, 2024 సంవత్సరములలో 70 అడుగులకు లోపలనే యున్నది. అయినను ఆ నీటిని జూచిన కన్నులకు మన చెఱువులు చాలకాలము మురికిగాఁ దోఁచును.

అచ్చట నల్లని యెలుఁగుబంట్లు కలవు. అందుచేత విడిదిలో నొక్కొక్క గుడారమునకు నొక యినుపపెట్టె యుండును. అన్నము, పండ్లు మాత్రమే కాదు, వాసనగల వస్తువు లేవియు గుడారములో నుంచరాదు. మా పులిహోర, ఆవకాయ జాడీ, సబ్బు, తుదకుఁ దలనూనె సీసా కూడ ఆ పెట్టెలోనికే పోయినవి. జుట్టుకు రాచుకొన్న నూనె మాటయేమని మావారు పరిహాసమాడిరి. మేము తలకు గుడ్డ చుట్టుకొని పండుకొంటిమి.

మఱునాఁటి యుదయమున రూబికాన్ బాట పట్టితిమి. ఇది గట్టువెంబడి నాలుగున్నర మైళ్లు పోయి ఎమరాల్డ్ బే యను చిన్న యఖాతమును జేరును. ఒక ప్రక్క నల్లచుక్కల తెల్లరాతి కొండ; మఱియొక ప్రక్క నిలువున దిగు లోయ, దాని యడుగున నీలినీరు. ఇఱుకైనచోటఁ బట్టుకొనుటకు ఇనుపత్రాడు కట్టినారు. జెఫ్రీ యను జాతి దేవదారువృక్షము బెరడునకు ముక్కు చేర్చినచో వెనిలా వాసన వచ్చును; మేము దారిపొడుగునను చెట్లను వాసన చూచుచు నడచితిమి. ఆ యెత్తున గాలి పలుచన. నాలుగడుగులెక్కిన నిలిచి యూపిరి తీయవలెను. కొండకొమ్ములపై నింకను మంచున్నది.

అఖాతము చివర వైకింగ్స్‌హోమ్ అను సౌధమున్నది. లోరా జోసఫీన్ నైట్ అను నామె నార్వే, స్వీడన్ దేశముల పురాతన గృహముల రీతిని 1929లోఁ గట్టించినది. ఎదుటనున్న చిన్నదీవి కొనమీఁద రాతితో నొక తేనీటి గది కూడఁ గట్టించి, అతిథులను పడవలోఁ దీసికొనిపోయెడిదఁట. ఇప్పుడు దాని గోడలు మాత్రమే మిగిలినవి. ఆ గోడలవంక చూచుచు పులిహోర తిని వెనుదిరిగితిమి.

విడిది చేరునప్పటికి రెండు గంటలయ్యెను. ప్రక్కనే యిసుక గల చిన్న యొడ్డున్నది. ఏమి కట్టుకొని దిగితిరని యడుగఁదలఁచు సోదరీమణులకు: చీరె కాదు. తడిసిన చీరె కాళ్లకుఁ జుట్టుకొని క్రిందికి లాగును. మోకాళ్లు దిగు లాగు, మోచేతులు దాఁటు చొక్కా, రెండును ఒంటికి నంటియుండునవి.

ఆ మాసమున నీటి వేఁడిమి 60 ఫారన్‌హీట్ డిగ్రీలకు లోపల నుండును. కరఁగిన మంచే గదా! మేము మెల్లగ మొలలోఁతునకు దిగి, ముఖము, మెడ తడుపుకొనుచుంటిమి. మావారు మోటబావిలోవలెనే రాతిమీఁదనుండి దుమికిరి. పైకి వచ్చిన ముఖమును మేమెన్నఁడును మఱువము. నోరు తెఱచియున్నది, మాట లేదు. ఎగఊపిరి తప్ప దిగుఊపిరి లేదు. చేతులు ఊరక నీటిని గొట్టుచున్నవి.

"ఏమండీ, ఈఁదవలదు! వెల్లకిలఁ బడుకొనుఁడు! చెవులు మునుఁగనిండు!" అని యఱచితిమి.

ఆజ్ఞలిచుటయే కాని పొందుట యలవాటులేని యుపాధ్యాయులు, ఆ క్షణమున మాఱుమాటలేక పడుకొనిరి. ఒక నిమిషమునకు ఊపిరి దారికి వచ్చినది. మెల్లగఁ గాళ్లాడించుచు ఇసుక తగులుచోటికిఁ జేరిరి.

ఇది ఈఁతరానివారికి వచ్చు నాపద కాదు. చర్మమునకు నాకస్మికముగఁ జలి తగిలినప్పుడు ఊపిరి తనంతట నెగఁబీల్చుకొనును. ఆ సమయమున తల నీటిలోనున్నచో నీరే లోనికిఁ బోవును. ఎంతటి గజయీఁతగానికైనను నిది తప్పదు. మొదటి నిమిషము ఈఁదక తేలియుండిన నది తగ్గును. మా కొలనులో శిక్షకురాలు మొదటివారమంతయు మాకుఁ దేలుటయే నేర్పినది. అప్పుడు విసుగుకొన్న తోడి స్త్రీలు చాలమంది యుండిరి.

తరువాత మేమును ఒడ్డు విడువక కొంతసేపు ఈఁదితిమి. పదియడుగుల క్రింద ఇసుకమీఁద మా నీడ మాతోఁగూడ వచ్చుచుండెను. దవడలు వణఁకుట మొదలిడఁగానే వెలికి వచ్చితిమి.

మావారు రెండు కంబళ్లు కప్పుకొని టీ త్రాగుచు చాలసేపు మాటాడలేదు. సంధ్యవేళ మేము తడిబట్టలు త్రాటిమీఁద నారవేయుచుండఁగా, "ఆ కొలనులో పిల్లలను ఏ వేళఁ జేర్చుకొందురు?" అని యడిగిరి.

"నాలుగు గంటలకు."

"బడి విడుచుటయు నాలుగింటికే. పదినిమిషములు ముందు పంపవలెనని వాళ్ల పంతులమ్మకుఁ జీటి వ్రాసెదను" అని, లేచి ఆవకాయజాడీ ఇనుపపెట్టెలోఁ బెట్టి గడియవేసిరి.