గుండెపోటు రోగి వెంట గంటల లెక్క కూడా వెళ్లాలి



బడిలో రోజూ హాజరుపట్టీ రాయడం నా పని. ఎవరైనా ఆలస్యంగా వస్తే ఎన్ని గంటలకు వచ్చారో పక్కన వేస్తాను. నెల తిరిగేసరికి ఆ అంకెలే చెబుతాయి, తప్పు పిల్లలది కాదు, బస్సుదని. ఈనాడు నేను మాట్లాడబోయేది కూడా అలాంటి పట్టీ గురించే. కాకపోతే ఇది ప్రాణానికి సంబంధించింది.

మాది హోసూరు ప్రాంతం. కొన్నేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మా పెదనాన్నగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. దగ్గరలో ఉన్న ఆసుపత్రిలో ఇంజెక్షను ఇచ్చి బెంగుళూరుకు పంపారు. వెంట ఇచ్చిన చీటీలో "ఇంజెక్షను ఇచ్చాము" అని ఉంది గానీ, ఎన్ని గంటలకు ఇచ్చారో లేదు. అక్కడి డాక్టరుగారు మొట్టమొదట అడిగింది అదే. మాలో ఎవరికీ తెలియదు. ఫోన్లు చేసి తెలుసుకునేసరికి అరగంట గడిచింది. పెదనాన్నగారు బతికి బయటపడ్డారు. ఆ అరగంటలో ఆయన గుండెకు ఎంత నష్టం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

గంటలతో అంత పనేమిటి అంటారా? గుండె కండరానికి రక్తం అందించే నాళంలో గడ్డ అడ్డుపడితే, అవతలి కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, గడ్డను కరిగించే ఇంజెక్షను. రెండు, సన్నని గొట్టం పంపి బెలూనుతో నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ. ఈసీజీలో పెద్ద గుండెపోటు అని తేలాక 120 నిమిషాల లోపు యాంజియోప్లాస్టీ చేయగలిగితే అదే మేలు. చేయలేమనుకుంటే ఆలస్యం చేయకుండా ఇంజెక్షను ఇవ్వాలి. ఇచ్చిన 60 నుంచి 90 నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీసి, నాళం తెరుచుకుందో లేదో అంచనా వేస్తారు. తెరుచుకోలేదనిపిస్తే వెంటనే యాంజియోప్లాస్టీకి తీసుకువెళ్లాలి. ఇంజెక్షను ఎప్పుడు ఇచ్చారో తెలియకపోతే ఈ లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కాబట్టి రాయవలసిన వేళలు ఇవి: నొప్పి ఎప్పుడు మొదలయింది, 108కి ఎప్పుడు ఫోను చేశారు, అంబులెన్సు ఎప్పుడు వచ్చింది, మొదటి ఈసీజీ ఎప్పుడు తీశారు, మొదటి ఆసుపత్రిలో ఎప్పుడు అడుగుపెట్టారు, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, అక్కడి నుంచి ఎప్పుడు బయలుదేరారు, పెద్దాసుపత్రికి ఎప్పుడు చేరారు, నాళం ఎప్పుడు తెరిచారు. యాంజియోప్లాస్టీ కోసమే పంపేటప్పుడు మొదటి ఆసుపత్రిలో 30 నిమిషాలకు మించి ఆగకూడదన్నది లక్ష్యం. వచ్చిన వేళా, కదిలిన వేళా రెండూ రాస్తేనే అది నెరవేరిందో లేదో తెలుస్తుంది.

ఒక్కరి చీటీ ఆ ఒక్కరికే పనికొస్తుంది. వేలమంది చీటీలు కలిస్తే దేశానికే దారి చూపుతాయి. 2008లో వెలువడిన 'క్రియేట్' అనే పరిశీలన మన దేశంలో 89 ఆసుపత్రుల నుంచి 20,937 మంది గుండె రోగుల వివరాలు సేకరించింది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి పట్టిన సమయాలను వరుసగా పేర్చితే, నడిమి అంకె 360 నిమిషాలు. ఆసుపత్రికి చేరాక గడ్డ కరిగించే మందు అందడానికి పట్టింది 50 నిమిషాలు. అంటే ఎక్కువ కాలం పోతున్నది ఇంటి దగ్గర, దారిలో. రాసి పెట్టారు గనుకనే ఈ సంగతి బయటపడింది.

తమిళనాడులో చిన్న ఆసుపత్రులనూ అంబులెన్సులనూ పెద్దాసుపత్రులతో జతచేసి, వివరాలు నమోదు చేస్తూ 2012 నుంచి 2014 వరకు ఒక ప్రయత్నం జరిగింది. 2017లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది లోపల చనిపోయినవారు అంతకు ముందు నూటికి 17.6 మంది. కొత్త పద్ధతి వచ్చాక 14.2 మంది.

మన సరిహద్దు ఊళ్లవారికి ఇంకో చిక్కుంది. రోగి ఒక రాష్ట్రంలో, పెద్దాసుపత్రి మరో రాష్ట్రంలో. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే అక్షరం. మన గంగప్ప అక్కడ రాసి ఇక్కడ చదివేసరికి కంకప్ప కావచ్చు. అందుకని పేరు పక్కన వయసు, ఊరు, ఫోను నంబరు తప్పక ఉండాలి. 108కి ఫోను చేసినప్పుడు ఊరితో పాటు జిల్లా, రాష్ట్రం కూడా చెప్పండి. వేళ రాసేటప్పుడు ఉత్త "రెండు గంటలు" అనకండి. పగలో రాత్రో, ఏ తేదీయో రాయండి. అంకెలు ఏ భాషవారైనా చదువుకోగలరు.

అలాగని కాగితం కోసం రోగిని ఆపకండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే ముందు 108కి ఫోను. అంబులెన్సు వచ్చేలోగా ఇంట్లో చదువు వచ్చిన ఒకరు, పదో తరగతి పిల్లయినా సరే, నొప్పి మొదలైన వేళ, వాడుతున్న మందులు, షుగరు, బీపీ, పడని మందులు ఒక కాగితం మీద రాయాలి. ఆ కాగితం రోగి వెంటే వెళ్లాలి. మొదటి ఆసుపత్రి వదిలే ముందు ఈసీజీ నకలు, మందు ఇచ్చిన వేళ అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటం వద్దు.

మా ఇంట్లో ఇప్పుడు గోడ గడియారం పక్కన ఒక పెన్సిలు దారంతో కట్టి ఉంటుంది. మీ ఇంట్లోనూ ఒకటి కట్టి ఉంచండి. దాని అవసరం ఎన్నడూ రాకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.