ఫోన్ జవాబు నిమిషంలో వస్తుంది... మందు కలిపే ముందు ఆకు తిప్పి చూడండి



ఈ మధ్య మిర్చి తోటల్లో ఒక కొత్త అలవాటు చూస్తున్నాను. ఆకు ముడుచుకుంటే ఫోటో తీసి ఫోన్‌లో ఏఐకి పెట్టడం, వచ్చిన జవాబు చదివి సాయంత్రానికల్లా పిచికారీ చేసేయడం. నేనూ ఏఐ వాడతాను. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తుంది, అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు. కానీ ఆ జవాబుకీ, డ్రమ్ములో మందు కలపడానికీ మధ్య మనం చేయాల్సిన పని ఒకటుంది. వీడియోలో చూపించింది అదే.

మిర్చి ముడతనే తీసుకుందాం. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, పడవలా కనిపిస్తుంది. ఇది పై ముడత. తెల్లనల్లి అయితే అంచులు కిందికి తిరుగుతాయి, ఆకు కాడ సాగుతుంది. ఇది కింద ముడత. తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్ అయితే ఆకులు చిన్నవై గుబురుగా వచ్చి మొక్క గిడసబారుతుంది. మూడింటినీ మనం ముడత అనే అంటాం. చేయాల్సిన పని మాత్రం మూడింటికీ ఒకటి కాదు.

పైనుంచి తీసిన ఒక్క ఫోటోలో ఆకు అడుగు భాగం కనపడదు. నల్లి ఉండేది అక్కడే, అదీ మామూలు కంటికి ఆనదు. ఏఐ ఆకు తిప్పి చూడలేదు. కోట్ల వాక్యాలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి చెప్పే యంత్రం అది. చెప్పే తీరు ధీమాగా ఉందని విషయం నిజమైపోదు. 2021-22లో మన మిర్చిని దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలల్లో దాక్కుంటుంది. ఆకు ఫోటోలు ఎన్ని పెట్టినా అది దొరకదు, పువ్వు విప్పి చూడాల్సిందే.

మా పక్క చేను కౌలు రైతుకి ఫోన్ "ఇది వైరస్, మొక్కలు పీకేయండి" అని చెప్పింది. పీకే ముందు ఒకసారి చూద్దామని ఇద్దరం చేలోకి దిగాం. లేత చిగుళ్లను తెల్ల కాగితం మీద తడితే సన్నటి పసుపు పురుగులు చురుగ్గా పాకాయి. అంచులు పైకే ముడుచుకుని ఉన్నాయి. తామర పురుగే! మొక్కలు పీకలేదు, నీమాస్త్రం కొట్టి, నీలం రంగు జిగురు అట్టలు పెట్టాడు. ఫోన్ మాట విని పీకేసి ఉంటే కౌలు డబ్బు ఎవరిస్తారు?

అందుకని నేను పాటించే పద్ధతి ఇది:

1. ఏం కొట్టాలని అడగను. "ఇది ఏమేమి కావచ్చు, చేలో వాటిని ఎలా గుర్తుపట్టాలి?" అని అడుగుతాను. ఆకు రెండు వైపులా ఫోటోలు, పంట వయసు, ఈమధ్య పడిన వాన, ప్రకృతి సేద్యం అన్న మాట తప్పకుండా ఇస్తాను. లేకపోతే రసాయన మందులే చెప్పొచ్చు.

2. చేలో ఐదు చోట్ల, చోటికి ఐదు మొక్కలు చూస్తాను. చిగురు తట్టి, పువ్వు విప్పి, భూతద్దంతో ఆకు అడుగు భాగం చూస్తాను.

3. కొలతలు సరిచూస్తాను. ఎకరానికి ద్రవ జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఫోన్ వేరే లెక్క చెప్తే అది ఎకరానికా, హెక్టారుకా చూడండి. హెక్టారంటే దాదాపు 2.47 ఎకరాలు.

4. అనుమానం తీరకపోతే అనుభవమున్న రైతుని, కేవీకే వాళ్లని, లేదా 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌ని అడుగుతాను.

ఇంగ్లిష్ కరపత్రం తెలుగులో చదివించుకోవడానికి, ఖర్చుల లెక్కకి, పనుల తేదీలు రాసుకోవడానికి ఫోన్ వేగం బాగా పనికొస్తుంది. అక్కడ తప్పు దొర్లినా దిద్దుకోవచ్చు. పీకిన మొక్క మాత్రం మళ్లీ బతకదు, వైరస్ మొక్కని గుర్తించక వదిలేస్తే తెల్లదోమ దాన్ని చేనంతా పంచుతుంది. అలాంటి చోట తొందర వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. అరగంట చేలో తిరిగితే చాలు.

చిగురు తట్టే పద్ధతి వీడియోలో వివరంగా ఉంది. రేపు పొద్దున ఒక తెల్ల కాగితం పట్టుకుని మీ తోటలోకి వెళ్లండి.