కష్టం లెక్క తప్పని ఆట: ఆర్‌పీజీలు ఎందుకు అంత లాగుతాయి, ఎక్కడ విసిగిస్తాయి?

ఇయ్యాల ముచ్చట రోల్ ప్లేయింగ్ గేమ్‌ల గురించి. అందరూ ఆర్‌పీజీ అంటారు, మనం కూడా అట్లనే అందాం.

డిచ్‌పల్లిలో, యూనివర్సిటీ హాస్టల్‌లోనో, నిజామాబాద్ బస్సులోనో ఫోన్ అడ్డం తిప్పి కూర్చున్నోణ్ని ఏం ఆడుతున్నవ్ అని అడిగితే, బీజీఎంఐ అంటడు, లేకపోతే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అంటడు. కానీ ఇంకో రకం ఆటగాళ్లు ఉన్నారు. గంటసేపు ఆడి లేచినాక ఏం చేసినవ్ అంటే, "నలభై పూలు కోసిన, కత్తికి రెండు లెవెల్స్ పెంచిన" అంటరు. పక్కన చూసేటోళ్లకు ఇది ఆటనా, కూలి పనా అర్థం కాదు.

ఇందులో అంత మజా ఏముంది? అంత మజా ఉంటే మళ్లీ తిట్టుకుంట ఎందుకు ఆడుతరు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒక్క దగ్గరనే ఉంది. దాన్ని మన పసుపు, చెరకు లెక్కలో చెప్తా, వినండి.

వేషానికి లెక్కల పుస్తకం

రోల్ ప్లే అంటే వేషం కట్టుడు. మన జిల్లాకు ఇది కొత్త కాదు. చిందు యక్షగానంలో పేరున్న చిందుల ఎల్లమ్మ నిజామాబాద్ జిల్లా కళాకారిణి. మగ వేషాలు కట్టి జనాన్ని మెప్పించినామె, 2005లో కన్నుమూశారు. వేషం కట్టినంత సేపు మనిషి రాజు అవుతడు, రాక్షసుడు అవుతడు. రంగు కడిగితే మళ్లీ మామూలు మనిషి. రాత్రి రాజుగా ఏం సాధించిండో పొద్దున దానికి లెక్క ఉండదు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఆ లెక్క రాయడం మొదలుపెట్టింది. కంప్యూటర్ లేదు. కాగితం, పెన్సిల్, పాచికలు, నలుగురు దోస్తులు. మీ వేషానికి బలం ఎంత, తెలివి ఎంత, ప్రాణం ఎంత, అన్నీ అంకెల్లో రాసుకోవాలి. గండాలు దాటితే అనుభవం పాయింట్లు వస్తాయి. అవి నిండితే లెవెల్ పెరుగుతది. ఇప్పుడు ఫోన్ గేమ్‌లలో కనిపించే హెచ్‌పీ, ఎక్స్‌పీ, లెవెల్ అనే మాటలకు అంత పేరు తెచ్చింది ఆ కాగితం ఆటనే. తర్వాత జపాన్‌లో 1986లో డ్రాగన్ క్వెస్ట్, 1996లో పోకెమాన్ ఇదే పద్ధతిని పిల్లల చేతుల్లోకి తెచ్చినయి.

మన వైకుంఠపాళితో పోల్చి చూడండి. పైదాకా ఎక్కినాక పెద్ద పాము మింగితే మళ్లీ అడుగుకు. అక్కడ మీ కష్టం ఏం లేదు, అంతా పాచిక దయ. ఆర్‌పీజీలో ఓడిపోయినా, ఎక్కిన లెవెల్ సాధారణంగా కిందికి రాదు. అసలు గమ్మత్తు ఇక్కడే ఉంది.

రెండు రకాల ఫార్మింగ్

ఆర్‌పీజీ ఆడేవాళ్లు ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసి సామాను కూడబెట్టుడును ఏమంటారో తెలుసు కదా? ఫార్మింగ్. అంటే వ్యవసాయం!

మన దగ్గర అసలు ఫార్మింగ్ ఎట్లుంటది? వానకాలం మొదట్ల పసుపు కొమ్ము పెడితే, తవ్వేది జనవరి తర్వాతనే. ఎనిమిది, తొమ్మిది నెలలు. తవ్వినాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలాలి. ఇంత చేసినా, ఆ రోజు ధర ఎంత పలుకుతదో రైతు చేతిలో లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది ఉన్నారంటే, వాళ్లల్ల వందకు పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. ధర గోస అందరికీ కనిపించాలని నామినేషన్లు వేసిండ్రు. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది 2025 జనవరిలో.

చెరకు కథ కూడా ఇంతే. 1937లో పెట్టిన బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకు ఎంత బాగా పండిస్తే ఏం లాభం, ఆడించే ఫ్యాక్టరీ నడవాలి కదా.

ఇప్పుడు స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట చూడండి. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి ఏండ్ల తరబడి కూర్చొని తయారుచేసిన వ్యవసాయం ఆర్‌పీజీ ఇది. 2016లో కంప్యూటర్‌కు, 2019లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. ఇందులో మొదట వేసే పంట పార్స్‌నిప్. తెల్ల క్యారెట్ లాంటి దుంప. విత్తనం 20 నాణేలు. రోజూ నీళ్లు పోస్తే నాలుగు రోజులకు పంట. అమ్మితే తక్కువలో తక్కువ 35 నాణేలు. ఎన్ని దుంపలు ఒక్కసారి అమ్మినా ధర పడిపోదు. తరుగు తీసేటోడు లేడు, కమీషన్ అడిగేటోడు లేడు. కాకులకు దిష్టిబొమ్మ పెట్టుకోవాలి, 28 రోజుల సీజన్ అయిపోకముందే కోసుకోవాలి. గంతే.

ఆర్‌పీజీలు మనకు అసలు ఇచ్చేది కత్తి కాదు, కోట కాదు. "నువ్వు పడ్డ కష్టం లెక్కలో పడుతది" అనే మాట ఇస్తున్నాయి.

నోటిఫికేషన్ ఎప్పుడు పడుతదో తెల్వకుండా గ్రూప్స్‌కో, కానిస్టేబుల్‌కో చదివేటోళ్లకు ఆ మాట ఎంత తియ్యగా ఉంటదో చెప్పాల్నా? రెండు గంటలు చదివితే ఏం పెరిగిందో కంటికి కనిపించదు. రెండు గంటలు ఆడితే 41 ఉన్న లెవెల్ 43 అయి తెర మీద మెరుస్తది. అందుకే ఆర్‌పీజీ ఆడేవాళ్లను బద్ధకస్తులు అంటే నేను ఒప్పుకోను. బద్ధకస్తుడు నలభై పూలు ఎందుకు కోస్తడు? కష్టం కనిపించే చోటుకు మనసు పోతది, అంతే.

చిరాకు మూడు రకాలు

మరి చిరాకు ఎక్కడ మొదలవుతది? అన్నీ ఒక్క తీరు చిరాకులు కావు. మూడు రకాలున్నయి. ఏది ఏదో గుర్తుపట్టుడు ముఖ్యం.

మొదటిది మంచి చిరాకు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ లాంటి ఆటలో ఒక్క బాస్ చేతిలో ఇరవై సార్లు చచ్చేటోళ్లు ఉంటరు. కంట్రోలర్ విసిరేయాలనిపిస్తది. కానీ చచ్చిన ప్రతిసారీ ఒకటి తెలుస్తది: వాడు చెయ్యి ఎత్తినాక ఎంతసేపటికి కొడుతడు, ఎటు దూకాలి. ఇరవై ఒకటోసారి గెలిస్తే ఆ గెలుపు మీదే. ఈ చిరాకు లేకపోతే ఆ సంబురం కూడా లేదు.

రెండోది పని తక్కువైనోళ్లు పెట్టిన చిరాకు. పది తోడేళ్లను చంపిరా, ఈ చిట్టీ ఆ ఊరోడికి ఇచ్చిరా, ఇవే పనులు పేర్లు మార్చి వస్తుంటయి. సంచి నిండింది, ఏదో ఒకటి పారెయ్ అంటది. ఇంకోటి భాష. చాలా పెద్ద ఆర్‌పీజీలలో తెలుగు ఉండదు. కథంతా ఇంగ్లీష్ మాటల్లో నడుస్తుంటే, సగం మంది చదవకుండా నొక్కుకుంట పోతరు. కథే ప్రాణమైన ఆటలో కథ పోతే మిగిలేది కూలి పని. ఓపిక చేసి చదివితే మాత్రం ఇంగ్లీష్ కొంచెం మెరుగైతది, అది లాభమే.

మూడోది తయారుచేసి అమ్మే చిరాకు. అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి.

గెన్షిన్ లెక్క విప్పి చూద్దాం

2020 సెప్టెంబర్‌లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్ ఫ్రీ గేమ్. చూడ ముచ్చటగా ఉంటది, సంగీతం బాగుంటది, తిరగడానికి పెద్ద లోకం ఉంది. డబ్బు పెట్టకుండా వందల గంటలు ఆడొచ్చు. అది చెడ్డ ఆట అని నేను అనను. కానీ దాని లోపల రెండు గేట్లు ఉన్నయి.

మొదటి గేటు రెజిన్. మీ క్యారెక్టర్‌ను బలంగా చేసే ముఖ్యమైన సామాను తీసుకోవాలంటే రెజిన్ ఖర్చు పెట్టాలి. అది 8 నిమిషాలకు ఒకటి చొప్పున నిండుతది. 200 దాటి నిండదు. అంటే ఖాళీ నుంచి నిండడానికి 26 గంటల 40 నిమిషాలు. మీకు ఆడాలని ఉన్నా, అది అయిపోతే ఆగాలి. మీకు ఆడాలని లేకపోయినా, నిండినాక వృథా అవుతుందని రావాలి. అంటే ఆట టైమ్ మీరు కాదు, అది పెడుతున్నది.

రెండో గేటు గాచా. కొత్త క్యారెక్టర్లు ఎక్కువగా లాటరీలోనే దొరుకుతాయి. ఫైవ్ స్టార్ వచ్చే అవకాశం ఒక్కో విష్‌కు 0.6 శాతం. ఇది కంపెనీ గేమ్‌లోనే చెప్పే లెక్క. ఈ రేటు మీద 50 సార్లు లాగితే, వందమందిలో సుమారు 74 మందికి ఒక్కటి కూడా రాదు. 90వ సారికి ఫైవ్ స్టార్ గ్యారెంటీ, కానీ మీరు కోరుకున్నదే వస్తదని గ్యారెంటీ లేదు. వేరేది వస్తే, మళ్లీ 90 లోపల మీది వస్తది. అంటే అదృష్టం పూర్తిగా తిరగబడితే 180 విష్‌లు.

ఒక్క విష్‌కు 160 ప్రిమోజెమ్స్. 180కి 28,800. రోజువారీ పనులు నాలుగూ చేస్తే దొరికేది 60. దాని మీదనే ఆధారపడితే 480 రోజులు! కొత్త ప్రాంతాలు తిరిగి, ఈవెంట్లు ఆడితే ఇంకా చాలా తొందరగానే కూడుతాయి, అది నిజం. కానీ ఆ క్యారెక్టర్ బ్యానర్ ఉండేది సుమారు మూడు వారాలు. ఇంకో పది విష్‌లు తక్కువ పడ్డయి, రెండు రోజుల్లో పోతది అన్నప్పుడు పక్కనే కొనుక్కునే బటన్ ఉంటది. యూపీఐ పిన్ కొట్టడానికి పది సెకన్లు చాలు.

ఇక్కడ ఏం జరిగిందో గమనించారా? ఆర్‌పీజీ మనకు ఇచ్చిన మాట, కష్టం లెక్కలో పడుతదని. గాచా వచ్చి ఆ మాటను మెల్లగా మార్చేసింది. కష్టం మీది, ఫలితం పాచికది. పసుపు పండించి యార్డుకు తోలినట్టే అయింది. తిరిగి తిరిగి మళ్లీ వైకుంఠపాళికే వచ్చినం, కాకపోతే ఇక్కడ పాచిక వేసినప్పుడల్లా ఖర్చు.

రమ్మీ యాప్ అంటే మనకు భయం ఉంది. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ లాంటి డబ్బు ఆటలపై 2017లోనే నిషేధం వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. గాచా ఆ వేషంలో రాదు. గెలిచేది డబ్బు కాదు కాబట్టి జూదం లాగా కనిపించదు. కానీ బెల్జియం 2018లోనే, డబ్బులు పెట్టి తెరిచే ఇసొంటి లూట్ బాక్సులు జూదమే అని తేల్చింది.

మరి ఆడాల్నా, వద్దా?

ఆడండి. నేను వద్దు అననీకి రాలేదు. ఆడేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఓడిపోతే నాకు ఏమన్న తెలుస్తున్నదా, లేక ఆగు అనో, కొను అనో మాత్రమే అంటున్నదా? తెలుస్తుంటే మంచి చిరాకు. ఆగు, కొను అంటే అమ్మే చిరాకు.

రెండు: ఇయ్యాల ఆడాలని ఉండి తెరిచిన్నా, వృథా అవుతదని తెరిచిన్నా? వారం రోజులు రెండో జవాబే వస్తే, ఆట మీతో డ్యూటీ చేయిస్తున్నట్టు.

మూడు: ఈ లెవెల్స్ ఎవరి దగ్గర ఉన్నయి? స్టార్‌డ్యూ లాంటి ఆట ఒక్కసారి కొంటే నెట్ లేకున్నా నడుస్తది, మీ సేవ్ మీ ఫోన్‌లో ఉంటది. సర్వర్ ఆటలో మీది అనుకున్నది సర్వర్‌ది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ మీద నిషేధం వచ్చినప్పుడు ఒక్క రోజులో ప్లే స్టోర్ నుంచి మాయమైంది. అట్లాంటిది ఏ ఆటకైనా రావొచ్చు.

ఇంకో చిన్న పని. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టండి. యూపీఐ ఆటోపేలో నెలనెలా కట్ అయ్యే గేమ్ పాస్‌లు ఏమున్నయో ఒక్కసారి చూడండి. విష్ కొట్టాలనిపిస్తే, రూపాయల్లో ఎంత అవుతుందో కాగితం మీద రాసి ఒక రాత్రి పడుకోండి. జెమ్స్, క్రిస్టల్స్ అని పేర్లు పెట్టేదే రూపాయి కనిపించకుండా చేయనీకి.

చివరిగా, ఆటలో నచ్చినదాన్ని బయటికి కూడా తెచ్చుకోవచ్చు. లెవెల్ పెరిగేది కనిపిస్తే మనసు కష్టపడుతది అని తెలిసింది కదా. చదివిన చాప్టర్లు, చేసిన పాత పేపర్లు గోడ మీద ఒక చార్ట్ గీసి గడులు నింపండి. ఉద్యోగం గ్యారెంటీ అని ఏ చార్టూ చెప్పదు. కానీ పడ్డ కష్టం కంటికి కనిపిస్తది, అది మీ దగ్గరే ఉంటది, ఏ సర్వర్ మూసేసినా పోదు.

మీరు ఆడే ఆర్‌పీజీలో ఏ చిరాకు ఎక్కువ, మంచిదా, అమ్మేదా? మీ దోస్తులతో ఒకసారి ఈ లెక్క వేసి చూడండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.