కృష్ణమ్మ ఒడ్డున సముద్రపు రాళ్లు

సోమశిలకు ఈ మధ్య ఒక ముద్దుపేరు వచ్చింది: తెలంగాణ మాల్దీవులు. రీల్స్ చేసేవాళ్లు పెట్టారో, ట్రావెల్స్ వాళ్లు పెట్టారో గానీ పేరు మాత్రం అంటుకుపోయింది. (నెల్లూరు సోమశిల కాదు, నాగర్‌కర్నూల్ జిల్లాలో కొల్లాపూర్‌కు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న సోమశిల.) మాల్దీవులు పగడపు దీవులు. అక్కడ సహజంగా ఏర్పడిన నేలలో అన్నిటికన్నా ఎత్తైన చోటు కూడా మనిషిన్నర ఎత్తుకు మించదు. సోమశిల రేవులో లాంచీ ఎక్కి, అమరగిరి దాటి శ్రీశైలం వైపు సాగితే కనిపించేది దానికి పూర్తిగా ఎదురు. నీళ్లలోంచి నిలువునా లేచిన రాతిగోడలు, ముక్కులు ముందుకు చాపి నిలబడ్డ కొండలు, వాటి మధ్య చీకటి సందుల్లా లోపలికి దూరిపోయిన పాయలు.

పోలిక తప్పనిసరైతే దక్షిణాఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్‌హోప్‌ను తెచ్చుకోవాలి. అక్కడ అడుగున గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా ఇసుకరాయి. ఆ రాతిమేడ చివరి అంచు అట్లాంటిక్ అలల మీదికి వాలి ఉంటుంది. నల్లమల కట్టడం కూడా సరిగ్గా అదే తీరు. తేడా ఒక్కటే, ఇక్కడ సముద్రం వచ్చి వెళ్లిపోయింది. అది వెళ్లి వంద కోట్ల ఏళ్లు దాటింది.

తెలుగువాళ్లకు అసలైన సముద్రపు కొండముక్కు లేదని కాదు. విశాఖ డాల్ఫిన్స్ నోస్ ఉంది, దాని మీద లైట్‌హౌస్ ఉంది, దాని చాటున ఓడరేవు ఉంది. కానీ అది ఖోండలైట్ రాయి. భూగర్భంలో ఉడికి, నలిగి, రూపం మారిపోయిన శిల. ఒకప్పటి నీటి జాడలు అందులో వెతికినా దొరకడం కష్టం. నల్లమల రాయి అలా కాదు. తన పుట్టుక తన ఒంటిమీదే రాసుకుంది.

ఆ రాత చదవాలంటే కాస్త ఎగువ నుంచి రావాలి. తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టిన కృష్ణ, జూరాల దాటి గద్వాల నేల మీదికి వచ్చేసరికి విశాలంగా, నెమ్మదిగా ఉంటుంది. నది రెండు పాయలై చుట్టుకున్న గుర్రంగడ్డ దీవిలో ఊరుంది, పొలాలున్నాయి. వరదొస్తే ఆ ఊరివాళ్లకు బయటి లోకంతో సంబంధం తెగిపోతుంది. బీచుపల్లి దగ్గర జాతీయ రహదారి నదిని దాటుతుంది. ఇక్కడంతా నది బండల మీద పరుచుకుని పారుతుంది. గట్లు తక్కువ ఎత్తు, ఆకాశం ఎక్కువ. వనపర్తి జిల్లా చిన్నంబావి మండలానికి వచ్చేసరికి శ్రీశైలం వెనుకజలాలు తగులుతాయి, నది చెరువైపోతుంది. అలంపురం దిగువన తుంగభద్ర వచ్చి కలుస్తుంది. అప్పటిదాకా కొండ అనే మాటే లేదు. కొల్లాపూర్ దాటాక ఎదురుగా నల్లమల గోడ కట్టినట్టు నిలబడుతుంది.

ఈ గోడలో మనకు ఎక్కువగా కనిపించే రాయిని భూవిజ్ఞానులు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు. కడప శిలాసముదాయంలో అన్నిటికన్నా పైపొర ఇది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ నేల అరిగి అరిగి చదునయ్యాక, దాని మీదికి లోతులేని సముద్రం ఎక్కింది. ఆటుపోట్లు తెచ్చి పోసిన ఇసుక పొర మీద పొరగా పేరుకుంది, బరువుకు గట్టిపడింది, రేణువు రేణువూ సిలికాతో అతుక్కుని సుత్తికి కూడా లొంగని రాయైంది. కొన్ని పలకల మీద అలలు గీసిన ముడతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. శంఖాలూ గవ్వలూ వెతికి లాభం లేదు. ఆ ఇసుక పరుచుకున్న నాటికి లోకంలో చేప పుట్టలేదు, నత్త పుట్టలేదు, నేల మీద గడ్డిపోచ మొలవలేదు. ఖాళీ తీరం, ఖాళీ నీళ్లు. అంత నిర్మానుష్యమైన సముద్రాన్ని ఊహించుకోవడానికి ప్రయత్నించాను. ఊహలో ఎక్కడో ఒక పక్షి అరుస్తూనే ఉంది.

ఆ పొరలు ఇక్కడ పెద్దగా మడతలు పడలేదు, దాదాపు పడుకున్నట్టే ఉన్నాయి. అందుకే అమ్రాబాద్ ప్రాంతం శిఖరాల వరుసలా కాక, పీఠభూమిగా మిగిలింది. పైన బల్లపరుపు, అంచున ఒక్కసారిగా లోయ. ఆ అంచులే మన కొండముక్కులు. క్వార్ట్‌జైట్ మొండిది, సులువుగా అరగదు. కానీ దాని మధ్య పలచని షేల్ పొరలున్నాయి, నిలువు బీటలున్నాయి. నీరు బీటల్లోంచి దిగి మెత్తని పొరను తినేస్తే, పైనున్న బండ ఆధారం పోయి ఊడిపడుతుంది. గోడ మళ్లీ నిటారుగానే మిగులుతుంది. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం గుడికి వెళ్లినవాళ్లు ఈ పనిని కళ్లారా చూసే ఉంటారు, గమనించారో లేదో గానీ. గుడి మీదికి గొడుగు పట్టినట్టు వంగిన బండ, దాని పగుళ్లలోంచి ఊరే పాపనాశనం నీళ్లు. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అదే. పశ్చిమ ద్వారం గద్వాల జిల్లాలోని అలంపురం. రెండు ద్వారాల నడుమ నేల స్వభావమే మారిపోతుంది.

లాంచీ మీద శ్రీశైలం దారిలో అక్కమహాదేవి గుహలు వస్తాయి. పన్నెండో శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి తపస్సు చేసిన చోటని నమ్మకం. లోపలి సందు ఎంత ఇరుకంటే చివరనున్న శివలింగాన్ని చేరాలంటే ఒంటిని పక్కకు తిప్పుకుని నడవాలి. నా మనసు మాత్రం గుహ ముందున్న రాతి తోరణం దగ్గరే ఆగిపోయింది. ఏ స్తంభమూ లేకుండా అంత పొడవు పలక అలా నిలబడి ఉండటం చూస్తే, ఇది సముద్రతీరంలో అలలు తొలిచే తోరణమే అనిపిస్తుంది. కానీ ఇక్కడ అల లేదు. ఆనకట్ట రాకముందు నది ఎక్కడో లోతున పారేది. బీటలూ, వాననీరూ, చెట్ల వేర్లూ, బండ తన బరువూ కలిసి, అలలు చేసే పనిని అల లేకుండా చేశాయి.

కొండలు ముక్కులుగా మారడం మాత్రం మన కాలపు ముచ్చటే. 1960లలో పని మొదలైన శ్రీశైలం ఆనకట్ట వెనక 1980ల మొదట్లో నీళ్లు నిలిచాయి. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ నీరు ప్రతి వాగు లోయలోకీ ఎగబాకింది. వాగుల నడుమ గట్లు మూడు పక్కలా నీళ్లున్న కొండకొమ్ములయ్యాయి. స్పెయిన్‌లో గలీషియా తీరం ఇలాంటిదే. సముద్రం పెరిగి నదీలోయల్లోకి చొచ్చుకురావడంతో తయారైన తీరం. అక్కడ వేల ఏళ్లు పట్టిన పనిని ఇక్కడ సిమెంటు కొద్ది కాలంలో చేసింది. దోమలపెంట దగ్గరి ఆక్టోపస్ వ్యూపాయింట్ నుంచి చూస్తే ఈ నీటి చేతులన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

ఈ అందానికి ధర చెల్లించినవాళ్లు వేరు. మునిగిన ఊళ్లవాళ్లు తమకు ఉద్యోగాలిస్తామన్న జీవో 98 కాగితాలు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగారు. గుళ్లకు మాత్రం కాస్త అదృష్టం దక్కింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ, సోమశిల గుళ్లనూ ఎత్తుకు చేర్చారు. సోమశిలకు అవతలి ఒడ్డున, నంద్యాల జిల్లా వైపున్న సప్తనదీ సంగమేశ్వరుడు నీళ్లలోనే ఉండిపోయాడు. మట్టం తగ్గిన ఎండాకాలంలో బయటికొచ్చి పూజలందుకుంటాడు. అప్పుడే రాతిగోడల మీద నీటిగీత కూడా చూడాలి. పైన రంగు పట్టిన రాయి, కింద వెలిసిపోయిన రాయి.

ఈ నీరు విడదీసిన ఊళ్లను పడవలే కలపాలి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన అడుగుతూ జనం ఎన్నేళ్లు గొంతు చించుకున్నారో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. 2022 అక్టోబరులో కేంద్రం రూ.1,082 కోట్లతో తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. నడిచేవాళ్ల కోసం గాజు దారి కూడా ఉంటుందన్నారు. ఆ ప్రకటన విని గాజుదారి గురించే మాట్లాడుకున్నవాళ్లు పడవ సంగతి మరిచారు.

కొండ అంచుతో అందరికన్నా దగ్గరి చుట్టరికం చెంచులది. రాతిగోడకు తెల్లటి ఒంటితో అతుక్కుని పెరిగే తపసి చెట్టు బంక తీసి అమ్ముకునేది వాళ్లే. గోడకు వేలాడే తేనెపెరల కోసం తాడు కట్టుకుని అంచు మీంచి కిందికి దిగేదీ వాళ్లే. పైన తాడు పట్టుకునేది దిగినవాడి బావమరిది. తోడబుట్టినదాని పసుపుకుంకాలు చూసుకునే చెయ్యి తాడు వదలదని లెక్క. పర్వతారోహణ పుస్తకాల్లో ఇంతకన్నా గట్టి భద్రతా సూత్రం నేను చదవలేదు. చెంచుల మీద 1943లో పుస్తకం అచ్చువేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ అమ్రాబాద్ కొండల్లోనే తిరిగి వాళ్ల బతుకును నమోదు చేశాడు. సలేశ్వరం జాతర కూడా ఈ అంచు పండగే. చైత్ర పౌర్ణమికి వేలాదిమంది పీఠభూమి మీంచి లోయలోకి దిగుతారు. దిగుతూ ‘వస్తున్నం లింగమయ్యా’ అని, ఎక్కుతూ ‘పోతున్నం లింగమయ్యా’ అని కేకలేస్తారు. పూజారులు చెంచులే.

ఇదే రాతి అతుకు మీద ఇంకో కన్ను కూడా పడింది. గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న సరిహద్దులోనే యురేనియం దాగుతుంది. నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల దగ్గర అలాగే దొరికింది. అన్వేషణ 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం దాకా వచ్చేసరికి ఊళ్లు రోడ్డెక్కాయి. 2019 సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. తీర్మానం మంచిదే. కాగితం రాయంత గట్టిది కాదన్న సంగతి చెంచులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

జలాశయం అడుగున మరో పని జరుగుతోంది. శ్రీశైలం సామర్థ్యం మొదట్లో 308 టీఎంసీలు. తర్వాతి సర్వేలో తేలింది 215. ఆ తేడాకు కారణం పూడిక. ఒకప్పుడు సముద్రం ఇసుక పరిచినట్టే, ఇప్పుడు కృష్ణ గద్వాల, రాయచూరు పొలాల మట్టిని తెచ్చి ఈ గోడల కాళ్ల దగ్గర పరుస్తోంది.

చూడాలనుకునేవాళ్లకు రెండు కాలాలున్నాయి. నిండు నీళ్లూ, కొండల మీంచి దూకే జలపాతాలూ కావాలంటే వరదలు తగ్గిన ఆశ్వయుజ, కార్తీకాల్లో రండి. వటవర్లపల్లి దగ్గరి మల్లెలతీర్థం కూడా అప్పుడే బాగుంటుంది. రాయిని చూడాలంటే చైత్రంలో రావాలి. ఎండ మాత్రం కాలుస్తుంది. సోమశిల రేవులో వేయించిన చేపలు రెండు కాలాల్లోనూ దొరుకుతాయి.